గ్రూపు లేని చదువులో ఎంపిక ఎవరిది?

పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతుంటే తెలుగు ఇళ్లలో ఒకటే ప్రశ్న: ఏ గ్రూపు? ఎంపీసీ అంటే ఇంజినీరింగ్, బైపీసీ అంటే డాక్టరు, సీఈసీ అంటే కామర్స్. ఒక్క పేరు చెబితే రెండేళ్ల చదువు ఖరారైపోతుంది. హైదరాబాద్, విశాఖపట్నాల్లోని అంతర్జాతీయ పాఠశాలల్లోకి కూడా ఇప్పుడు ఇదే ప్రశ్న వెళ్లింది. ఇంటర్నేషనల్ బకలారియేట్, అంటే అందరూ ఐబీ అని పిలిచే విధానంలో, పదకొండు, పన్నెండు తరగతుల స్థానంలో ఉండే కోర్సు డిప్లొమా ప్రోగ్రామ్. అందులో చేరబోయే పిల్లల తల్లిదండ్రులు కూడా ఎంపీసీకి సరిపోయే మూట ఏదని వెతుకుతారు. అలాంటి మూట అక్కడ కట్టి ఉండదు.

అక్కడ ఆరు సబ్జెక్టులను ఒక్కొక్కటిగా ఎంచుకోవాలి. దేన్ని ఏ స్థాయిలో చదవాలో కూడా తేల్చుకోవాలి. ఇంటర్‌లో ఒక్క నిర్ణయంతో ముగిసేది ఇక్కడ పది పన్నెండు నిర్ణయాలవుతుంది. ఒకదాన్ని మారిస్తే మరొకటి కదులుతుంది. ఇన్ని నిర్ణయాలు తీసుకోవలసింది పదహారేళ్ల పిల్లలు. వారికి కావలసిన సమాచారమేమో చాలావరకు సీనియర్ల మాటల్లో, బంధువుల వాట్సాప్ సలహాల్లో, ట్యూషన్ సెంటర్ల ప్రచారంలో ముక్కలుముక్కలుగా అందుతోంది. ఏ సబ్జెక్టు ఏ కోర్సుకు దారి ఇస్తుందో, ఏది ఏ దారి మూసేస్తుందో ముందే తెలియకపోతే ఎంచుకునే హక్కు ఉన్నా దాన్ని సరిగ్గా వాడుకోలేరు. ఈ లోటును పూడ్చవలసిన బాధ్యత మొదట పాఠశాలలదే.

రెండు పద్ధతుల మధ్య కుదిరిన రాజీ

ఐబీ 1968లో స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో పుట్టింది. తల్లిదండ్రులు దౌత్యవేత్తలుగా, ఐక్యరాజ్యసమితి ఉద్యోగులుగా దేశాలు మారుతుంటే వారి పిల్లలకు ఏ దేశంలోనైనా చెల్లే పాఠశాల పట్టా కావాల్సి వచ్చింది. జెనీవా అంతర్జాతీయ పాఠశాల ఉపాధ్యాయులు ఆ పనికి పూనుకున్నారు. సంస్థ తొలి డైరెక్టర్ జనరల్ అలెక్ పీటర్సన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యా విభాగానికి అధిపతిగా పనిచేసిన వ్యక్తి. ఇంగ్లండ్‌లో పదహారేళ్లకే పిల్లలు మూడు సబ్జెక్టులకు పరిమితమై, సైన్స్ వైపో ఆర్ట్స్ వైపో శాశ్వతంగా ఒరిగిపోవడాన్ని ఆయన 1960లోనే ఒక అధ్యయన నివేదికలో తప్పుపట్టారు. ఐరోపాలోని కొన్ని ఇతర దేశాల్లో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. పాఠశాల చివరి ఏడాది దాకా అన్ని సబ్జెక్టులూ మోయాల్సిందే.

ఐబీ ఈ రెండింటి మధ్య దారి వేసింది. ఆరు సబ్జెక్టులూ ఉండాలి, వాటిలో మూడు లోతుగా ఉండాలి. ఆ లోతు ఎక్కడ కావాలో విద్యార్థి ఎంచుకోవాలి. మన దేశంలో ఈ పద్ధతిని తొలిగా తెచ్చిన పాఠశాల కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్. అది 1976లో జరిగింది.

సరిగ్గా ఐబీ రూపుదిద్దుకుంటున్న ఆ రోజుల్లోనే, 1969-70లో, ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల ఇంటర్మీడియట్ కోర్సు మొదలైంది. రెండూ పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం పుట్టినవే, కానీ పట్టిన దారులు వేరు. ఇంటర్ సబ్జెక్టులను గ్రూపులుగా కట్టి ఇచ్చింది. ఆ పద్ధతిని చులకన చేయడానికి లేదు. కొద్దిమంది లెక్చరర్లతో మండల కేంద్రంలో కూడా కాలేజీ నడిచిందన్నా, లక్షల మంది తక్కువ ఖర్చుతో చదువుకోగలిగారన్నా కారణం ఆ సరళతే. కానీ ఆ అలవాటు మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, విడివిడిగా ఎంచుకునే అవకాశం వచ్చినా మూట కోసమే వెతుకుతున్నాం.

ఆరు సబ్జెక్టుల లెక్క

ఐబీ డిప్లొమాలో ఆరు విభాగాలున్నాయి. మొదటిది భాషా సాహిత్యం, రెండోది కొత్తగా నేర్చుకునే లేదా అదనపు భాష. మూడోది చరిత్ర, ఎకనామిక్స్, బిజినెస్ మేనేజ్‌మెంట్, సైకాలజీ వంటి సామాజిక శాస్త్రాలు. నాలుగోది విజ్ఞాన శాస్త్రాలు, ఐదోది గణితం, ఆరోది కళలు. కళలు వద్దనుకుంటే ఆ స్థానంలో మరో సైన్స్, మరో సామాజిక శాస్త్రం లేదా మరో భాష తీసుకోవచ్చు. ఆరింటిలో మూడింటిని, కొందరు నాలుగింటిని, హయ్యర్ లెవెల్‌లో చదవాలి. మిగతావి స్టాండర్డ్ లెవెల్‌లో ఉంటాయి. పిల్లల మాటల్లో ఇవి హెచ్‌ఎల్, ఎస్‌ఎల్.

హెచ్‌ఎల్ సబ్జెక్టుకు 240 గంటల బోధన, ఎస్‌ఎల్‌కు 150 గంటలు సంస్థ సూచించిన ప్రమాణం. మూడేసి చొప్పున కలిపితే రెండేళ్లలో 1,170 గంటలు. వీటికి తోడు జ్ఞానం ఎలా ఏర్పడుతుందో చర్చించే ‘థియరీ ఆఫ్ నాలెడ్జ్’కు 100 గంటలు. ఒక ప్రశ్న మీద 4,000 పదాలకు మించకుండా స్వయంగా పరిశోధించి రాసే ఎక్స్‌టెండెడ్ ఎస్సే ఉంది. కళలు, ఆటలు, సేవ కలిసిన ‘క్యాస్’ ఉంది. ఇవేవీ ఐచ్ఛికం కావు.

ఒక్కో సబ్జెక్టుకు గరిష్ఠం 7 పాయింట్లు. ఆరింటికి 42, వ్యాసానికీ థియరీ ఆఫ్ నాలెడ్జ్‌కూ కలిపి 3, మొత్తం 45. డిప్లొమా రావాలంటే కనీసం 24 ఉండాలి, అందులో మూడు హెచ్‌ఎల్ సబ్జెక్టుల నుంచే 12 రావాలి. ప్రపంచవ్యాప్తంగా సగటు ఇటీవలి ఏళ్లలో 30 చుట్టూ ఉంటోంది. వందకు తొంభై ఎనిమిది చూసి అలవాటైన మన కళ్లకు 45కి 34 అంటే తక్కువనిపిస్తుంది. నిజానికి అది మంచి ఫలితం.

ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. మొత్తం కూడేటప్పుడు హెచ్‌ఎల్‌లో వచ్చిన 7కూ, ఎస్‌ఎల్‌లో వచ్చిన 7కూ విలువ ఒక్కటే. అందుకే ‘సులువైన’ హెచ్‌ఎల్ సబ్జెక్టులు ఏవన్న చర్చ ప్రతి బ్యాచ్‌లోనూ నడుస్తుంది. కానీ విశ్వవిద్యాలయాలు మొత్తాన్ని మాత్రమే చూసి వదిలేయవు. కేంబ్రిడ్జి సాధారణంగా 40కి పైగా పాయింట్లు అడగడంతో పాటు, మూడు హెచ్‌ఎల్ సబ్జెక్టుల్లో 7, 7, 6 ఉండాలంటుంది. కోర్సును బట్టి ఆ మూడూ ఏవి కావాలో కూడా చెబుతుంది. 41 పాయింట్లు తెచ్చుకున్న విద్యార్థి కూడా, కావలసిన సబ్జెక్టు హెచ్‌ఎల్‌లో లేకపోతే కోరుకున్న కోర్సుకు దరఖాస్తు చేయలేడు. డిప్లొమాలో అసలు నిర్ణయం ఆ మూడు హెచ్‌ఎల్ సబ్జెక్టులే. మిగతా చర్చంతా దాని తర్వాతే.

గణితంలో రెండు దారులు

అందరికంటే ఎక్కువ తికమకపెట్టేది గణితం. 2019లో ఐబీ పాత గణిత కోర్సులను తీసేసి రెండు కొత్తవి పెట్టింది. ఒకటి ‘అనాలిసిస్ అండ్ అప్రోచెస్’, రెండోది ‘అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్’. పాఠశాలల్లో వీటిని ఏఏ, ఏఐ అంటారు. రెండింటికీ హెచ్‌ఎల్, ఎస్‌ఎల్ ఉన్నాయి, అంటే నాలుగు దారులు.

ఏఏలో బీజగణితం, ఫంక్షన్లు, నిరూపణలు, కలన గణితం ప్రధానం. ఒక పేపర్‌ను కాలిక్యులేటర్ లేకుండా రాయాలి. ఏఐలో గణాంకాలు, నిజజీవిత సమస్యలకు నమూనాలు కట్టడం ప్రధానం. అన్ని పేపర్లలోనూ గ్రాఫిక్ కాలిక్యులేటర్ వాడొచ్చు. ఒక ఊరిలో ఏ ఇంటికి ఏ ఆసుపత్రి దగ్గరో హద్దులు గీసి చూపే వొరొనాయ్ చిత్రాలు, హెచ్‌ఎల్ స్థాయిలో మాత్రికలు, గ్రాఫ్ సిద్ధాంతం అందులో ఉంటాయి. ఏఏ అంటే కష్టం, ఏఐ అంటే తేలిక అన్న ప్రచారం సగమే నిజం. హెచ్‌ఎల్‌లో ఏఐ కూడా బరువైన కోర్సే. జీవశాస్త్రం, సామాజిక శాస్త్రాలు, వ్యాపార విశ్లేషణ వైపు వెళ్లేవారికి అది ఉపయోగపడుతుంది కూడా.

చిక్కు ప్రవేశాల దగ్గర వస్తుంది. గణితం తప్పనిసరి అయిన కోర్సులకు కేంబ్రిడ్జి హెచ్‌ఎల్‌లో ఏఏనే కోరుతుంది. ఇంజినీరింగ్, భౌతికశాస్త్రం, గణితం చదవాలనుకునే పిల్లలు పదకొండో తరగతి మొదట్లో ఏఐ తీసుకుంటే తర్వాత సర్దుకోవడం చాలా కష్టం.

మన ఇళ్లలో దీనికి ఎదురు పొరపాటు ఇంకా ఎక్కువ. ఎందుకైనా మంచిదని పిల్లలందరినీ హెచ్‌ఎల్ ఏఏలో కూర్చోబెడతాం. హైదరాబాద్‌లోని నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు క్లాట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా విద్యార్థులను తీసుకుంటాయి. క్లాట్‌కు ఫలానా సబ్జెక్టు చదివి ఉండాలన్న షరతు లేదు. న్యాయవాది కావాలనుకునే అమ్మాయి 240 గంటలు కలన గణితంతో కుస్తీ పట్టి 4 తెచ్చుకోవడం కంటే, చరిత్రనో ఇంగ్లిష్ సాహిత్యాన్నో హెచ్‌ఎల్‌లో చదివి 7 తెచ్చుకుంటే పాయింట్ల పరంగానూ, చదవబోయే చదువు పరంగానూ లాభం. ఎస్‌ఎల్ ఏఏలో కూడా కలన గణితం ఉంది. గణితాన్ని పూర్తిగా వదలకుండానే బరువు తగ్గించుకునే మార్గం అది.

నీట్, జేఈఈ రాసేవారికి

ఐబీ డిప్లొమాను పన్నెండో తరగతితో సమానంగా భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం గుర్తించింది. ఆ మాట విని చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. పట్టాకు గుర్తింపు ఉండటం ఒకటి, ఆ పట్టాలోని సబ్జెక్టులు మనం కోరే కోర్సుకు సరిపోవడం ఇంకొకటి.

వైద్యవిద్యనే చూడండి. నీట్‌కు అర్హత కావాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ చదివి ఉండాలి. ఐబీలో మామూలుగా రెండు సైన్సులకే చోటుంది. ఒకటి నాలుగో విభాగంలో, మరొకటి కళల స్థానంలో. మూడో సైన్స్ కావాలంటే ‘నాన్ రెగ్యులర్ డిప్లొమా’ అనే మినహాయింపు తీసుకోవాలి. ప్రవేశానికి ఆ మూడు సబ్జెక్టులూ తప్పనిసరి అని రుజువు చూపి పాఠశాలే ఐబీకి దరఖాస్తు చేస్తుంది. అనుమతి వస్తే విద్యార్థి సాధారణంగా సామాజిక శాస్త్రాన్ని వదులుకుంటాడు. దీన్ని కోర్సు మొదట్లోనే తేల్చుకోవాలి. రెండో ఏడాది మధ్యలో డాక్టర్ కావాలనిపిస్తే అప్పుడు ఫిజిక్స్ కొత్తగా చేర్చుకోవడానికి గంటలు మిగలవు.

క్యాలెండర్ ఇంకో సమస్య. ఐబీ మే నెల పరీక్షలు ఏప్రిల్ చివరి వారంలో మొదలై మే మూడో వారం దాకా సాగుతాయి. నీట్ 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది, సరిగ్గా ఆ పరీక్షల నడుమ. రెండు తెలుగు రాష్ట్రాల ఎప్‌సెట్‌లు కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే ఉంటాయి. జేఈఈ మెయిన్ జనవరి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. ఐబీ విద్యార్థులు ప్రాజెక్టులు సమర్పించి మాక్ పరీక్షలు రాసే కాలం అదే. ఐబీ ఫలితాలు వచ్చేసరికి జులై మొదటి వారం.

బోధనలో తేడా దీనికి తోడు. ఐబీ సైన్స్‌లో 20 శాతం మార్కులు విద్యార్థి తానే రూపొందించి చేసిన ప్రయోగానికి, దాని నివేదికకు ఉంటాయి. పేపర్లలో కారణం వివరించమని, సమాచారాన్ని విశ్లేషించమని అడుగుతారు. నీట్‌లో 180 బహుళైచ్ఛిక ప్రశ్నలు, నిమిషానికొకటి చొప్పున తేల్చాలి. ఒకే ఫిజిక్స్‌ను రెండు చోట్ల రెండు రకాలుగా సాధన చేయాలి. రెండింటిలోనూ నెగ్గే పిల్లలున్నారు. కానీ పగలు ఐబీ, రాత్రి కోచింగ్ అన్న ఏర్పాటులో మొదట దెబ్బతినేది నిద్ర, తర్వాత ఎక్స్‌టెండెడ్ ఎస్సే. ఎంబీబీఎస్ మన దేశంలోనే చదవాలన్న నిర్ణయం గట్టిగా ఉన్న కుటుంబానికి, అసలు ఐబీలో చేరాలా వద్దా అన్నదే మొదటి ప్రశ్న కావాలి. లక్షల రూపాయల ఫీజు తీసుకునే పాఠశాల ఈ మాటను ప్రవేశాల రోజే నిజాయితీగా చెప్పాలి.

మిగతా కోర్సుల్లోనూ ఇలాంటి మెలికలున్నాయి. బీఆర్క్ అంటే బొమ్మలు వేయడం వస్తే చాలనుకుంటారు, కానీ గణితం, ఫిజిక్స్ ఉండాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీలో గణితం రాయాలి. పైగా పన్నెండో తరగతిలో చదివిన సబ్జెక్టుల్లోనే ఆ పరీక్ష రాయాలని ఆ విశ్వవిద్యాలయం నిబంధన. ‘ఎన్విరాన్‌మెంటల్ సిస్టమ్స్ అండ్ సొసైటీస్’ అనే సబ్జెక్టు ఐబీలో సైన్స్‌గానూ, సామాజిక శాస్త్రంగానూ చెల్లుతుంది. ఒక ఖాళీ మిగులుతుంది కాబట్టి పిల్లలకు ఇష్టం. 2024 నుంచి హెచ్‌ఎల్‌లో కూడా బోధిస్తున్నారు. వాతావరణ మార్పుల కాలంలో అది ఎంతో విలువైన చదువే. అయితే ఇంజినీరింగ్, వైద్య ప్రవేశాల్లో ఫిజిక్స్‌కో కెమిస్ట్రీకో బదులుగా దాన్ని లెక్కించరు.

దేశానికో షరతు

విదేశాలంటే ఒకే షరతు అనుకుంటే పొరపాటే. ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యం చదవాలంటే కెమిస్ట్రీ హెచ్‌ఎల్‌లో ఉండాలి, దానితో బయాలజీ, ఫిజిక్స్, గణితాల్లో కనీసం ఒకటి హెచ్‌ఎల్‌లో ఉండాలి. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఫీజులు తక్కువన్న మాట తెలుగు ఇళ్లలో ఇప్పుడు బాగా వినిపిస్తోంది. అక్కడ ఐబీ పట్టాను గుర్తించాలంటే హెచ్‌ఎల్ సబ్జెక్టుల్లో ఒకటైనా గణితమో, ప్రకృతి శాస్త్రమో అయి ఉండాలి. సాహిత్యం, చరిత్ర, ఎకనామిక్స్‌ను హెచ్‌ఎల్‌లో తీసుకున్న చురుకైన విద్యార్థికి ఈ సంగతి దరఖాస్తు సమయంలో తెలిస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు.

అమెరికాలో ప్రవేశానికి సబ్జెక్టుల షరతులు కొంత సడలుగా ఉంటాయి, కానీ హెచ్‌ఎల్ మార్కులు డబ్బుతో ముడిపడతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం హెచ్‌ఎల్‌లో 5 లేదా ఆపైన వస్తే డిగ్రీ క్రెడిట్లు ఇస్తుంది. టెక్సాస్‌లో 2005 నాటి చట్టం ప్రకారం, ఏ సబ్జెక్టులోనూ 4కు తగ్గకుండా డిప్లొమా సాధించిన విద్యార్థికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కనీసం 24 క్రెడిట్ గంటలు ఇవ్వాలి. సాధారణంగా డిగ్రీకి 120 గంటలు కావాలి కాబట్టి ఇది ఐదో వంతు. డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పుస్తకాల్లో చదివే విషయం కాదు. ప్లేనో ఈస్ట్ సీనియర్ హైస్కూల్ వంటి ప్రభుత్వ పాఠశాలల్లోనే అక్కడ ఐబీ ఉంది, ట్యూషన్ ఫీజు లేదు. హైదరాబాద్‌లో సంపన్నుల చదువుగా పేరుపడిన కోర్సు అక్కడ ప్రభుత్వ బడి పిల్లలకు అందుతోంది.

కాలపరిమితి కూడా గమనించాలి. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకూ, వైద్య కోర్సులకూ అక్టోబరు 15 లోపు దరఖాస్తు చేయాలి. అప్పటికి తుది ఫలితాలు ఉండవు. ఉపాధ్యాయులు అంచనా వేసి ఇచ్చే ప్రెడిక్టెడ్ గ్రేడ్లే ఆధారం. ఆ అంచనా మొదటి ఏడాది పనితీరు మీద నిలబడుతుంది. జులై, ఆగస్టుల్లో తప్పు సబ్జెక్టుతో మొదలుపెట్టి, అర్ధ సంవత్సరం పోయాక మారిన విద్యార్థి తన సత్తా చూపడానికి మిగిలేది కొన్ని నెలలే.

పదేళ్లు చదివిన తెలుగు ఎక్కడ ఆగిపోతోంది?

తెలంగాణలో 2018 చట్టం పదో తరగతి దాకా తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ పాఠశాలల్లోని తొమ్మిది, పది తరగతులకు ‘వెన్నెల’ అనే సరళమైన తెలుగు వాచకాన్ని ఉపయోగించాలని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆదేశించింది. అలా చదివిన విద్యార్థి డిప్లొమాకు వచ్చేసరికి మొదటి విభాగంలో ఇంగ్లిష్, రెండో విభాగంలో ఫ్రెంచో, స్పానిష్షో, హిందీయో తీసుకుంటాడు. అక్షరం కూడా రానివారి కోసం ఉద్దేశించిన ‘అబ్ ఇనీషియో’ స్థాయి పాయింట్లకు దగ్గరి దారని పేరుపడింది. ఆ స్థాయి ఎస్‌ఎల్‌లో మాత్రమే ఉంటుంది.

కొత్త భాష నేర్చుకోవడం మంచిదే. కానీ ఐబీలో మాతృభాషా సాహిత్యానికి కూడా ఒక దారి ఉంది. పాఠశాలలో ఆ భాష ఉపాధ్యాయుడు లేకపోయినా, పాఠశాల మద్దతుతో విద్యార్థి స్వయంగా సాహిత్యం చదివి ఎస్‌ఎల్‌లో పరీక్ష రాసే ఏర్పాటు అది. మొదటి విభాగంలోని రెండు భాషల సాహిత్యాలను చదివి రెండింటిలోనూ కనీసం 3 తెచ్చుకుంటే ద్విభాషా డిప్లొమా వస్తుంది. కొరియా, జపాన్ నుంచి వెళ్లి విదేశీ పాఠశాలల్లో చదివే పిల్లలు తమ భాషను ఈ పద్ధతులతోనే నిలుపుకుంటున్నారు. తెలుగు కోసం కావాలంటే పాఠశాల ముందుగానే ఐబీని సంప్రదించి, చదవబోయే పుస్తకాల జాబితా సిద్ధం చేసుకోవాలి. తెలుగు గడ్డ మీద నడిచే పాఠశాలలు, తెలుగు సాహిత్యం చదవాలనుకునే ఒక్క విద్యార్థి కోసమైనా ఆ కాగితాలు కదపాలి. అడిగే తల్లిదండ్రులు లేకపోతే ఆ పని ఎప్పటికీ జరగదు.

బ్రోచర్‌కూ టైంటేబుల్‌కూ తేడా

ప్రవేశాల బ్రోచర్‌లో ఇరవై, ముప్పై సబ్జెక్టులు కనిపిస్తాయి. టైంటేబుల్ వేసేటప్పుడు వాటిని కొన్ని వరుసల్లో సర్దుతారు. ఒకే వరుసలో పడిన రెండు సబ్జెక్టులను ఒకరు చదవలేరు. ఇద్దరే చేరిన సబ్జెక్టును చాలాచోట్ల నడపరు. ఉన్న ఒక్క టీచర్ ఉద్యోగం మారితే రెండో ఏడాది ఆ సబ్జెక్టు గతేమిటో తెలియదు. ఫలితంగా ఫిజిక్స్‌తో పాటు విజువల్ ఆర్ట్స్ చదవాలనుకున్న పిల్లవాడు చివరికి బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో తేలతాడు. ఐబీ నిబంధనలు అడ్డు చెప్పని కలయిక, పాఠశాల వసతుల దగ్గర ఆగిపోతుంది. చిన్న పాఠశాలలకు ఈ పరిమితులు సహజం. వాటిని దాచడం మాత్రం సమర్థనీయం కాదు.

అందుకే ఎంపిక పత్రం మీద సంతకం తీసుకునే ముందు ప్రతి పాఠశాల కొన్ని వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. వచ్చే రెండేళ్లూ ఖచ్చితంగా నడిచే సబ్జెక్టులు ఏవి, ఏవి ఒకే వరుసలో పడి ఢీకొంటున్నాయి, గత మూడేళ్లలో ఒక్కో సబ్జెక్టులో హెచ్‌ఎల్, ఎస్‌ఎల్ విద్యార్థుల గ్రేడ్లు ఎలా ఉన్నాయి అన్నది అందులో ఉండాలి. అందరికంటే ఎక్కువ స్కోరు తెచ్చుకున్న విద్యార్థి ఫొటో హోర్డింగ్ మీద పెట్టడం వల్ల తర్వాతి బ్యాచ్‌కు ఒరిగేదేమీ లేదు. కెమిస్ట్రీ హెచ్‌ఎల్ తీసుకున్న పాతిక మందిలో ఎంతమందికి 5 దాటిందన్నది వారికి అసలైన సమాచారం.

రెండోది, మొదటి కొన్ని వారాలు మార్పుకు తలుపు తెరిచి ఉంచాలి. హెచ్‌ఎల్ నుంచి ఎస్‌ఎల్‌కు దిగడం తేలిక, ఎక్కడం కష్టం. కాబట్టి సందేహంలో ఉన్న పిల్లలను నాలుగు హెచ్‌ఎల్ తరగతుల్లో కూర్చోనిచ్చి తర్వాత ఒకటి తగ్గించుకోనివ్వడం మంచి పద్ధతి. మార్పు అడిగిన విద్యార్థిని ఓడిపోయినట్లు చూడకూడదు.

మూడోది, సలహా ఇచ్చేవారి సంగతి. కొన్ని ఏజెన్సీలకు తాము పంపే విద్యార్థుల మీద విశ్వవిద్యాలయాలే కమీషన్ చెల్లిస్తాయి. సబ్జెక్టుల ఎంపికలో అలాంటి ఏజెన్సీల చేతికి పిల్లలను అప్పగించడం తగదు. పాఠశాలకు సొంత కౌన్సెలర్ ఉండాలి. పదో తరగతి మొదటి నుంచే ఆ కౌన్సెలర్ పిల్లలతో మాట్లాడుతూ ఉండాలి.

తల్లిదండ్రుల వైపు నుంచి కావలసింది ఆలోచనల క్రమం మార్చుకోవడం. ముందుగా, పిల్లలు నిజంగా ఆలోచిస్తున్న రెండు మూడు కోర్సులకు ఏ సబ్జెక్టులు, ఏ స్థాయిలో తప్పనిసరో విశ్వవిద్యాలయాల ప్రవేశ నిబంధనల్లోనే చూడాలి. ఆ సబ్జెక్టులకు చోటు కేటాయించాక మిగిలినవి పిల్లల ఇష్టానికి వదలాలి. ఇష్టం తెలియడానికి ఒక పాత ప్రశ్నపత్రం, ఒక నమూనా ప్రాజెక్టు నివేదిక ముందు పెట్టి చదవమంటే చాలు. ఎకనామిక్స్ అంటే షేర్ మార్కెట్ అనుకున్నవారికీ, సైకాలజీ అంటే మనసు చదవడం అనుకున్నవారికీ అసలు చదువు ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. ఏ సబ్జెక్టులో 4,000 పదాల వ్యాసం రాయాలనిపిస్తోందని అడిగినా సమాధానం దొరుకుతుంది. పాయింట్ల అంచనా ఈ రెండింటి తర్వాత రావాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో అదే మొదట వస్తోంది.

ఇంటర్ వరకూ వచ్చిన ప్రశ్న

ఇది కొద్దిమంది డబ్బున్నవారి పిల్లల సమస్యగా కొట్టిపారేయడం తేలికే, కానీ తప్పు. ఐబీ పద్ధతిని ప్రభుత్వ పాఠశాలల్లో దశలవారీగా తేవడానికి 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాదే ప్రభుత్వం మారడంతో ప్రయత్నం ముందుకు సాగలేదు. కానీ సబ్జెక్టులను విడివిడిగా ఎంచుకునే ఆలోచన ఆగలేదు. ఆర్ట్స్, సైన్స్‌ల మధ్య గట్టి గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి గణితం, బయాలజీ రెండూ చదివే ఎంబైపీసీని, ఎంచుకునే సబ్జెక్టుల విధానాన్ని తెచ్చింది. ఐబీ పిల్లలు ఎదుర్కొంటున్న ప్రశ్నే రేపు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో లక్షల మంది ముందుకు వస్తుంది. అక్కడ కౌన్సెలర్లు లేరు, చాలాచోట్ల లెక్చరర్ పోస్టులే ఖాళీగా ఉన్నాయి.

ఇంటర్ బోర్డులు రెండూ పదో తరగతి ఫలితాలకు ముందే ఒక చిన్న పుస్తకం తేవాలి. ఏ డిగ్రీకి, ఏ ప్రవేశ పరీక్షకు ఏ సబ్జెక్టులు తప్పనిసరో తెలుగులో, పట్టికల రూపంలో అందులో ఉండాలి. దాన్ని ప్రతి ఉన్నత పాఠశాలకూ పంపి, ఏటా సవరించాలి. ఇందుకు కొత్త శాఖలు అక్కర్లేదు, ఉన్న సిబ్బందితోనే చేయగల పని ఇది. ఐబీ పాఠశాలల విషయంలో గడువు ఇంకా ముందే వస్తుంది. చాలాచోట్ల ఎంపిక పత్రాలు పదో తరగతి చివరి టర్మ్‌లోనే నింపించుకుంటారు. కాబట్టి నడిచే సబ్జెక్టుల జాబితా, టైంటేబుల్ వరుసలు, మూడేళ్ల గ్రేడ్ల వివరాలు డిసెంబరు కల్లా పిల్లల చేతికి అందాలి. అవి చూడకుండా సంతకం పెట్టబోమని చెప్పే హక్కు ఫీజు కట్టే ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.